దొండ, ఆగాకర, బొప్పాయి: గింజ వేయాలా, దుంప తేవాలా, తీగ ముక్క నాటాలా?

మా వీధి చివర మేడ మీద ఒక దొండ పాదు ఉంది. పిట్టగోడంతా కప్పేసి, పొద్దున్నే తెల్లగా విచ్చుకునే పూలతో చూడముచ్చటగా ఉంటుంది. సంక్రాంతి వెళ్లి శ్రావణం వచ్చినా ఒక్క కాయ లేదు. "ఏటమ్మా ఇది, ఇన్ని పూలు పూసి ఒక్క పిందె నిలబడదేటి? గత్తం వేశాను, వేపపిండి వేశాను, ఆఖరికి దిష్టి కూడా తీశాను" అంటూ ఆ ఇంటి పిన్నిగారు నన్ను మేడ మీదికి తీసుకెళ్లారు. ఒక పువ్వు తెంపి తిప్పి చూశాను. పువ్వు కింద సన్నటి కాడ తప్ప ఏమీ లేదు. ఇంకో పది పూలు తిప్పాను. అన్నీ అంతే. అది పోతు పాదు. దానికి ఎంత గత్తం వేస్తే అన్ని పూలు పూస్తుంది, అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు.

పాదు ఎక్కడిదని అడిగితే, విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్లో కొన్న దొండకాయల్లో ఒకటి ఎర్రగా పండిపోతే, పారేయడం ఎందుకని కుండీలో పిసికారట. గింజ నుంచి లేచిన దొండ మొక్కల్లో దాదాపు సగం ఆడవి, సగం మగవి. బొమ్మా బొరుసా ఆట. పిన్నిగారికి బొరుసు పడింది.

తాటిచెట్ల మధ్య పెరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు. పెంటితాడుకు ముంజెలు కాస్తాయి, పోతుతాడు కల్లు ఇస్తుందే తప్ప కాయదు. టెంక పాతినాయనకు అది పోతో పెంటో తెలిసేసరికి మనవడు పుట్టేస్తాడు. అదృష్టం కొద్దీ మేడ మీద పెంచుకునే వాటిలో ఈ గొడవ ఉన్నవి కొన్నే: దొండ, ఆగాకర (బోడకాకర అనేవాళ్లూ ఉన్నారు), పర్వల్ (దొండలాంటి ఒడియా, బెంగాలీ వాళ్ల కూరగాయ), పండ్లలో బొప్పాయి.

సొర, బీర, గుమ్మడి, కాకర, దోస ఈ లెక్కలోకి రావు. వాటిలో ఒకే పాదుకు మగ పూలూ ఆడ పూలూ రెండూ వస్తాయి, అందులోనూ ముందు మగ పూలే వస్తాయి. మొదటి పదిహేను రోజులు పిందె కనపడలేదని బంగారంలాంటి గుమ్మడి పాదును పీకేసినవాళ్లు నాకు తెలుసు. ఆ జాబితాలో నేనూ ఉన్నాను, అది వేరే కథ.

ముక్క నాటితే ఆడా మగా తెలిసిపోతుందా?

ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. లేత మొక్క నుంచి ఒక కొమ్మ కోసి వేరు పోయించి, అది పూసే పువ్వు చూసి తల్లి మొక్క ఆడో మగో ముందే తేల్చుకోవచ్చని నెట్‌లో చదివి వస్తున్నారు. ఆ చిట్కా అసలు గంజాయి పెంచే దేశాల నుంచి వచ్చింది. రాత్రులు పొడుగైతే పూతకొచ్చే మొక్క కాబట్టి దానికి ఆ వీలుంది. ఇక్కడ దాని జోలికి వెళ్లకండి. మాదకద్రవ్యాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కుండీలో పెంచినా అది సాగే, శిక్ష పదేళ్ల జైలు దాకా ఉంది. పాడేరు, చింతపల్లి వైపు ఆ పంట పెట్టిన చిక్కులు విశాఖలో పేపరు చదివే ఎవరికైనా తెలిసినవే.

ఆ సంగతి పక్కన పెట్టినా, మన కూరగాయలకు ఆ చిట్కా పనికిరాదు. తల్లి పాదుకు ఎంత వయసో దాని ముక్కకీ అంతే వయసు. పూతకు రాని దొండ తీగ నుంచి ముక్క కోస్తే, అది ముందు వేరు పోసుకోవాలి, తర్వాత చిగురు వేయాలి. పువ్వు కనపడేది తల్లి తర్వాతే. ఈలోపు తల్లే పూసి చెప్పేస్తుంది.

ముక్కకు వేరే గొప్ప గుణం ఉంది. తల్లి ఆడదైతే ముక్క నూటికి నూరుపాళ్లూ ఆడదే. అంటే పువ్వు చూశాక కోస్తే ముక్క మనకు గ్యారంటీ కార్డు, చూడకముందు కోస్తే లాటరీ టికెట్టు. గింజా, దుంపా, నర్సరీ మొక్కా, ముక్కా అని ఎంచుకునేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: దీని తల్లి పువ్వును ఎవరైనా చూశారా?

పువ్వును ఎలా చూడాలి

దొండకు పొద్దున్నే వెళ్లండి. ఆడ పువ్వు కింద గోరంత పొడవున, నున్నగా, పచ్చగా బుల్లి దొండకాయ ఉంటుంది. పువ్వు విచ్చకముందే, మొగ్గగా ఉన్నప్పుడే అది కనిపిస్తుంది. మగ పువ్వుకు ఉత్త కాడే. ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

ఆగాకరకు సాయంత్రం వెళ్లాలి. మన్యం నుంచి వచ్చే చిన్నకాయ రకం పొద్దు వాలాక విచ్చుకుంటుంది, దాని పసుపు పూలకు సన్నటి వాసన కూడా ఉంటుంది. ఆడ మొగ్గ కింద నూగుముళ్లతో బుల్లి ఆగాకరకాయ తగులుతుంది. మగ మొగ్గను దొప్పలాంటి చిన్న ఆకు ఒకటి కప్పి ఉంచుతుంది. ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే మళ్లీ మర్చిపోరు.

ఆడదని తేలిన తీగకు అక్కడికక్కడే ఎర్ర గుడ్డపేలిక కట్టేయండి. మార్కర్‌తో రాస్తే మన విశాఖ ఎండకూ ఉప్పుగాలికీ నెలలో వెలిసిపోతుంది. పూత అయిపోయి ముక్క కోసే రోజుకి ఏ తీగ ఏదో గుర్తుండదు, ముఖ్యంగా ఒకే పందిరి మీద రెండు పాదులు అల్లుకుపోయినప్పుడు.

దొండ: ముక్క ఒక్కటే దారి

దొండ దగ్గర నాకు రెండో అభిప్రాయం లేదు. గింజ వేయకండి. మగది వచ్చే సగం అవకాశం పక్కన పెట్టినా, కాయ తల్లిలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. పిట్టలు వేసిన గింజ నుంచి గోడ పక్కన లేచే దొండల్లో కాకిదొండే ఎక్కువ, నోట్లో పెట్టుకోలేనంత చేదు. కాసే పాదు నుంచి ముక్క తెచ్చుకుంటే మూడు నెలల్లో కూర వండుకోవచ్చు. పైగా కూర దొండకు పక్కన మగ పాదు లేకపోయినా నష్టం లేదు. మా మేడ మీద మగ తీగ అన్నదే లేదు, వారానికి కిలో తక్కువ కాకుండా కోస్తున్నాను.

ముక్క కోసేటప్పుడు అందరూ చేసే తప్పు, కంటికి ఇంపుగా ఉందని లేత చివర కోయడం. అది రెండు రోజుల్లో వాడి నల్లబడుతుంది. పెన్సిల్ లావున, పైతోలు బూడిద రంగుకు తిరిగిన పాత తీగ కావాలి. మూడు నాలుగు కణుపులు ఉండేలా జానెడు ముక్క చాలు. కింది కణుపుకు అర అంగుళం దిగువన ఏటవాలుగా, పైన అడ్డంగా కోయండి. ఏటవాలు కోత ముఖ్యంగా గుర్తు కోసం. పది ముక్కలు కోసి పక్కన పడేస్తే ఏది కిందో ఏది పైనో తెలియదు, తలకిందులుగా నాటిన ముక్క మొలకెత్తదు. ఆకులన్నీ తీసేయండి. జాలిపడి నాలుగు ఆకులు ఉంచితే, వేరు లేని ముక్కలో ఉన్న కాస్త తేమనూ అవి లాగేస్తాయి.

ఇక ఎక్కడ గుచ్చాలి? గ్లాసు నీళ్లలోనా, ఇసుకలోనా, కొబ్బరి పొట్టులోనా, నేరుగా కుండీ మట్టిలోనా?

గ్లాసు నీళ్ల పద్ధతి పిల్లలకు చూపించడానికి బావుంటుంది. వేళ్లు తెల్లగా దిగడం కళ్లారా చూడొచ్చు. కానీ మన ఊరి ఉక్కలో నీళ్లు రెండో రోజుకే జిగటపడతాయి, రోజూ మార్చాలి. అన్నీ సరిగ్గా చేసినా, నీళ్లలో వచ్చిన వేరు పెళుసు. మట్టిలోకి మార్చేటప్పుడు సగం విరిగిపోతాయి, మిగిలినవి మట్టికి అలవాటు పడటానికి ఇంకో వారం తీసుకుంటాయి.

ఇసుకలో వేరు గట్టిగా వస్తుంది, కుళ్లు తక్కువ. కావలసింది ఏటి ఇసుక. ఇల్లు కట్టేచోట ఒక బకెట్ అడిగితే ఇస్తారు. ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. మొదటిసారి, ఊరి నిండా ఇసుకే కదా అని ఆర్కే బీచ్ నుంచి రెండు సంచులు తెచ్చి పన్నెండు ముక్కలు గుచ్చాను. వారం తిరక్కుండా పన్నెండూ కింద నుంచి నల్లబడి మెత్తబడ్డాయి. సముద్రపు ఇసుకలో ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగేస్తుందన్నది ఎనిమిదో క్లాసులో చదువుకున్నదే, అప్పుడు గుర్తు రాలేదు.

కొబ్బరి పొట్టు తేమ పట్టి ఉంచుతుంది, మర్చిపోయి ఒకరోజు నీళ్లు పోయకపోయినా ఫర్వాలేదు. ఎండాకాలంలో అది వరం. వానాకాలంలో అదే శాపం: ముసురు పట్టిన వారంలో పిండితే నీళ్లు కారేలా ఉండి ముక్క కుళ్లుతుంది. నేను సగం పొట్టు, సగం ఏటి ఇసుక కలుపుతాను. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు. పొట్టు కొత్తదైతే వాడేముందు మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడగండి, అందులోనూ ఉప్పు ఉంటుంది.

జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా అయితే ఇవేవీ అక్కర్లేదు. పెద్ద కుండీలో రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా నాలుగు ముక్కలు నేరుగా గుచ్చేయండి. రెండైనా లేస్తాయి. కుండీ మారే బాధ ఉండదు కాబట్టి ఆ రెండూ తొందరగా పాకుతాయి. మే నెలలో మాత్రం ఏ పద్ధతిలోనూ మొదలు పెట్టకండి.

వేరు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. టెన్షన్ పెట్టేది మధ్యలో వచ్చే పచ్చ చిగురు. అది చూసి వేరు పడిందనుకుంటాం. ముక్కలో దాచుకున్న సత్తువతోనే మొదటి చిగురు వస్తుంది, కింద వేరు ఉండకపోవచ్చు. లాగి చూడకండి. మూడో ఆకు విప్పాక మెల్లగా వేలితో కదిపితే ముక్క పట్టి ఉందో లేదో తెలుస్తుంది. వేరు తొందరగా రావడానికని అమ్మే రూటింగ్ హార్మోన్ పొడి దొండకు దండగ, అది లేకుండానే వస్తుంది.

ఆగాకర: ఇక్కడ మగది కూడా కావాలి

ఆగాకరకు లెక్క మారిపోతుంది. ఆడ పాదు ఒక్కటే ఉంటే పిందెలు వస్తాయి, పసుపు పచ్చబడి రాలిపోతాయి. పుప్పొడి అందాలి. పొలంలో ఎనిమిది పది ఆడ పాదులకు ఒక మగ పాదు చొప్పున ఉంచుతారు. మేడ మీద రెండు మూడు ఆడ పాదులకు ఒకటి చాలు, దాన్ని చిన్న టబ్బులో ఓ మూల పెట్టేయొచ్చు.

ఇక్కడ పోటీ గింజకూ దుంపకూ తీగ ముక్కకూ మధ్య. గింజ చవక. రైతు బజార్లో పండిన ఒక్క కాయలోనే కావలసినన్ని ఉంటాయి. కానీ ఆగాకర గింజ మొండిది, నెలల తరబడి నిద్రపోతుంది, మొలిచినా సగం పోతులే. ఆరు కుండీలు పెట్టుకునే చోటు, పూత దాకా ఆగే ఓపిక ఉంటేనే గింజ.

దుంప అన్నిటికంటే ధీమా. తొలకరికి నిద్ర లేచి, నలభై రోజులకు అటూ ఇటూగా పూతకొస్తుంది, చలికాలానికి తీగ ఎండిపోతుంది, దుంప మళ్లీ పడుకుంటుంది. ఏళ్ల తరబడి అదే దుంప. ఒకే ఒక్క చిక్కు, దుంప మొహం చూసి ఆడో మగో ఎవరూ చెప్పలేరు. అమ్మేవాళ్లు పూతలో గుర్తు పెట్టుకుని తవ్వితేనే మాటకు విలువ. ఒకసారి నేను "అన్నీ ఆడవే" అన్న మాట నమ్మి ఐదు దుంపలు కొన్నాను. మూడు పోతులు వచ్చాయి. వెళ్లి అడిగితే "మగవి కూడా కావాలి కదండీ" అన్నారు. జవాబు తోచలేదు.

కాబట్టి తెలిసినవాళ్ల దగ్గర కాసే పాదు ఉంటే దుంప అడగకండి, దుంప ఇస్తే వాళ్ల పాదు పోతుంది. తీగ అడగండి. ఆగాకర తీగ సన్నం, దొండలా కోసి గుచ్చితే చాలాసార్లు ఎండిపోతుంది. దానికి మల్లెకు చేసినట్టు అంటు తొక్కడమే మేలు. గుడ్డ కట్టిన ఆడ తీగను పక్కన పెట్టిన మట్టి కుండీలోకి వంచి, ఒక కణుపు మీద మట్టి కప్పి, పైన చిన్న రాయి పెట్టండి. తల్లి పాలు తాగుతూనే ఆ కణుపు వేరు పోసుకుంటుంది. నెల రోజుల తర్వాత కుండీకి తల్లి పాదు వైపున తీగ కోసేస్తే కొత్త పాదు మీది. తల్లి నుంచి తెగకుండా వేరు పడుతుంది కాబట్టి దీనంత నిశ్చింత పద్ధతి మరొకటి లేదు. జూలైలో తొక్కితే ఆ ఏడు కాయలు ఆశించకండి. చలికాలానికి దుంప ఊరితే చాలు, అసలు కాపు వచ్చే ఏడాది.

పూత మొదలయ్యాక సాయంత్రం ఒక మగ పువ్వు తెంపి, రేకులు వెనక్కి వంచి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకు సరిపోతుంది. మూడు రోజుల్లో పిందె మెడ కిందికి వంగి బరువెక్కితే పట్టినట్టే. మేడల మీదికి రాత్రి పురుగులు తక్కువగా వస్తాయి కాబట్టి నేను ఈ పని వాటికి వదలను.

పర్వల్ గురించి రెండు ముక్కలు. మన ఊళ్లో ఒడియా, బెంగాలీ ఇళ్ల వల్ల బజార్లో దొరుకుతోంది కానీ పెంచేవాళ్లు తక్కువ. దీనికీ మగ పాదు కావాలి, పదింటికి ఒకటి చొప్పున. ముక్క చిన్నగా కాకుండా మూరెడు పైన తీగను ఎనిమిది అంకెలా చుట్ట చుట్టి పాతిపెడతారు. నీళ్లు నిలిస్తే చస్తుంది. చోటు తక్కువైతే ఆగాకరకే ఇవ్వండి.

బొప్పాయి: ముక్క మర్చిపోండి

బొప్పాయిలో మూడు రకాలు: ఆడ, మగ, రెండూ కలిసినది. పోతు బొప్పాయికి పొడుగాటి కాడలు వేలాడుతూ వాటికి గుత్తులుగా చిన్న పూలు ఉంటాయి. ఆడ చెట్టుకు కాండం దగ్గరే లావుపాటి పువ్వు, లోపల గుండ్రటి పిందె. రెండూ కలిసిన దాని పువ్వు కోలగా ఉంటుంది, లోపల పిందె చుట్టూ పుప్పొడి తిత్తులు కనపడతాయి. దానికి పక్కన మరో చెట్టు అక్కర్లేదు, తనకు తనే చాలు.

ఇంట్లో బొప్పాయి కొమ్మకు వేరు పోయించడం వృథా శ్రమ, చాలా వరకు కుళ్లుతుంది. ఎంచుకోవాల్సింది గింజ రకం. పూసా నన్హా లాంటి రకాల్లో ఆడా మగా సగం సగం వస్తాయి. కూర్గ్ హనీడ్యూ, సూర్య, రెడ్ లేడీ రకాల్లో మగ చెట్టు రాదు, ఆడవి లేదా రెండూ కలిసినవే. ఒక్క చెట్టుకే చోటుంటే రెండో జాతివే తీసుకోండి. రెడ్ లేడీ హైబ్రిడ్ కాబట్టి ఆ పండులోని గింజ దాచుకుని వేస్తే అదే పండు వస్తుందని అనుకోవద్దు.

నాటు గింజే వేయాలంటే ఒకే గోతిలో మూడు మొక్కలు పెట్టండి. నాలుగైదు నెలలకు పూత వచ్చాక పోతులను తీసేసి ఒకటి ఉంచండి. నల్ల గింజ ఆడది, తెల్ల గింజ మగది అనీ, వేరు తిన్నగా ఉంటే మగదనీ చెప్పే మాటలు నేనూ విన్నాను, కొంతకాలం నమ్మాను కూడా. పూత వచ్చాక ఏదీ నిలబడలేదు. పోతు బొప్పాయి తల నరికితే ఆడదవుతుందన్న మాటా అంతే. ఎండలు ముదిరినప్పుడు రెండూ కలిసిన చెట్టు కొన్నాళ్లు ఉత్త మగ పూలు పూయడం మాత్రం నిజం. మేలో అలా కనిపిస్తే గొడ్డలి తీయకండి, వానలు పడేదాకా ఆగండి.

నర్సరీ నుంచి కొంటే

హైవే పక్క నర్సరీల్లో దొండ మొక్కలు చాలా వరకు ముక్కల నుంచి పెంచినవే ఉంటాయి. మొదలు దగ్గర చూడండి. లావుపాటి పాత ముక్క నుంచి పక్కకు చిగురు లేచి ఉంటే అది ముక్క మొక్క. నేల నుంచి తిన్నగా, సన్నగా లేచి ఉంటే గింజ మొక్క, పువ్వు చూపిస్తే తప్ప వద్దు. సెప్టెంబరు దాటాక కొంటే పందిరి ఎక్కించే తొందర పెట్టుకోకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పందిరి పక్కవాళ్ల వాటర్ ట్యాంకు మీద తేలింది. దొండకు కింద దుంప వేరు ఉంటుంది కాబట్టి మొదలు బతికి మళ్లీ చిగురించింది. ఆ ఏడు లేతగా నాటినవి ఒక్కటీ మిగల్లేదు.

పిన్నిగారికి మా పాదు నుంచి ఆరు ముక్కలు కోసి, తడి గోనెపట్టాలో చుట్టి ఇచ్చాను. అలా చుడితే రెండు రోజుల ప్రయాణం కూడా తట్టుకుంటాయి. పోతు పాదును పీకడానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. "ఇంటి మీద పచ్చగా ఉంది, ఉండనీ" అన్నారు. నాగుల చవితి ముందురోజు ఫోన్ చేసి, కొత్త కుండీలో నాలుగు పూలు పూశాయన్నారు. తిప్పి చూశారా అని అడిగాను. "నాలుగూ తిప్పాను. నాలుగింటికీ ఉంది" అన్నారు.